తక్కువ తిరిగిన పాత స్పోర్ట్స్ వ్యాగన్: మీటర్ చెప్పేదెంత, చెప్పనిదెంత

దాదాపు ముప్పై ఏళ్ల వ్యాగన్ కారు ఒకటి అమ్మకానికి వచ్చింది. మీటర్‌లో 41,000 కిలోమీటర్లే. సీట్ల తోలు ముడత పడలేదు. వెనక సామాను పెట్టే చోట కార్పెట్ మీద సూట్‌కేసు ఈడ్చిన గీత కూడా లేదు. అదే మోడల్ ఇంకొకటి 1,72,000 తిరిగింది, దాని ధర మొదటిదాంట్లో అరవై శాతం. చూడగానే మనసు మొదటి బండి మీదికే పోతుంది. కాసేపటికి అనుమానం మొదలవుతుంది: ఇంత మంచి బండి ఇన్నేళ్లూ ఎందుకు తిరగలేదు?

ఈ అనుమానం ఈమధ్య చాలామందికి వస్తోంది. బీఎండబ్ల్యూ 2022లో ఎం3 టూరింగ్‌ను, 2024లో ఎం5 టూరింగ్‌ను తెచ్చాక వేగంగా పోయే వ్యాగన్ల మీద మళ్లీ మోజు పెరిగింది. కొత్తవి చూసినవాళ్ల కళ్లు వాటి తాతముత్తాతల మీద పడ్డాయి. ఆ పాతవాటిలో తక్కువ తిరిగినవి అరుదు, అరుదైనదానికి ధర ఎక్కువ. ఆ ఎక్కువ ధర దేనికి ఇస్తున్నామో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

స్పోర్ట్స్ వ్యాగన్ అంటే ఏ బండి

సెడాన్ వెనక విడిగా ఉండే డిక్కీని తీసేసి, పైకప్పును చివరిదాకా లాగి, నిలువు తలుపు పెడితే అది వ్యాగన్. కొన్ని దేశాల్లో ఎస్టేట్ అంటారు. ఆడీ వాళ్లు అవాంట్ అంటారు, బీఎండబ్ల్యూ వాళ్లు టూరింగ్ అంటారు. కుటుంబం, సామాను, కుక్క, సైకిలు, అన్నీ పట్టాలని చేసిన బండి ఇది. దాంట్లో స్పోర్ట్స్ కారు ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్ బిగిస్తే స్పోర్ట్స్ వ్యాగన్.

ఈ వర్గానికి పేరు తెచ్చిన బండ్లలో మొదట చెప్పుకోవాల్సింది ఆడీ ఆర్‌ఎస్2 అవాంట్. 1994, 95 సంవత్సరాల్లో పోర్షే వాళ్ల సాయంతో తయారైంది. 2.2 లీటర్ల ఐదు సిలిండర్ల టర్బో ఇంజన్, 315 హార్స్‌పవర్. బ్రేకులు, చక్రాలు, సైడు అద్దాలు పోర్షేవి. మొత్తం 2,891 బండ్లు చేశారు. బీఎండబ్ల్యూ మొదటి ఎం5 టూరింగ్ ఇంకా అరుదు, 891 మాత్రమే. దాని తర్వాత 2007లో వచ్చిన పది సిలిండర్ల ఎం5 టూరింగ్ 1,025. వోల్వో అయితే 1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ల పోటీలకు 850 ఎస్టేట్‌నే దింపింది. సామాన్ల బండి రేసు ట్రాక్ మీదికి రావడం చూసి జనం నవ్వుకున్నారు. మరుసటేడు వోల్వో సెడాన్‌కి మారిపోయింది కానీ, ఆ ఒక్క సీజన్ వోల్వో వ్యాగన్ల పేరునే మార్చేసింది. 1995 మోడల్‌గా వచ్చిన 850 టీ5ఆర్‌కి ఇవాళ ఉన్న గిరాకీలో ఆ రేసుల వాటా తక్కువేమీ కాదు.

ఇవన్నీ వాడటానికి కొన్న బండ్లు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆదివారం బయటికి తీసి, మిగతా రోజులు కవరు కప్పి ఉంచేవాళ్లు చాలామందే ఉంటారు. వ్యాగన్ని అలా దాచుకున్నవాళ్లు తక్కువ. దాన్ని కొన్నవాళ్లకు పిల్లలున్నారు, ప్రయాణాలున్నాయి, సామాన్లున్నాయి. అందుకే తక్కువ తిరిగిన స్పోర్ట్స్ వ్యాగన్ కనిపిస్తే దాని వెనక ఏదో కథ ఉన్నట్టే. యజమాని వేరే దేశం వెళ్లిపోవడమో, జబ్బుపడటమో, ఏదో పాడైతే బాగు చేయించలేక మూలన పడేయడమో, లేదా మీటర్ అబద్ధం చెప్పడమో.

‘క్లాసిక్’ మాటకు ఒక్కో చోట ఒక్కో లెక్క

అమ్మేవాళ్లు పదిహేనేళ్లు దాటిన దేన్నైనా క్లాసిక్ అనేస్తారు. చట్టాలకు, సంస్థలకు మాత్రం లెక్కలున్నాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో కనీసం 30 ఏళ్లు నిండాలి, అసలు రూపంలో ఉండాలి, రోజువారీ రవాణాకు వాడకూడదు. జర్మనీలో చారిత్రక వాహనాలకిచ్చే హెచ్ నంబరు ప్లేటుకీ 30 ఏళ్లే. ఆ ప్లేటు ఉంటే నగరాల్లోని కాలుష్య నియంత్రణ మండలాల నిబంధనల నుంచి మినహాయింపు దొరుకుతుంది. అమెరికాలో అక్కడ అమ్మని మోడళ్లను దిగుమతి చేసుకోవాలంటే బండికి 25 ఏళ్లు నిండాలి. ఆర్‌ఎస్2 అక్కడ ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి 2019 నుంచే దానికి ఆ దారి తెరుచుకుంది. ఇలాంటి గడువు దాటగానే కొత్త కొనుగోలుదార్లు వస్తారు, ధర కదులుతుంది. బండిలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఫీవా నిర్వచనంలో మూడో షరతు చూస్తే నాకు నవ్వొస్తుంది. రోజూ వాడటానికే పుట్టిన బండి, రోజూ వాడకపోతేనే క్లాసిక్ అట.

కిలోమీటర్లు అరుగుదలను కొలుస్తాయి, వయసును కొలవవు

బండి రెండు రకాలుగా పాతబడుతుంది. తిరిగితే అరుగుతుంది: పిస్టన్ రింగులు, క్లచ్, గేరుబాక్స్, బేరింగులు, బ్రేక్ డిస్కులు, సీటు అంచులు. తిరిగినా తిరగకపోయినా వయసుకి చెడుతుంది: రబ్బరు, ప్లాస్టిక్, ద్రవాలు, వైర్ల తొడుగులు, అతుకులు, ఇనుము. మీటర్ మొదటిదాన్ని మాత్రమే లెక్కపెడుతుంది. 41,000 చూసి మనం రెండోదీ తక్కువే అనుకుంటాం. పొరపాటు అక్కడే.

మొదటి రకంలో కూడా ఒక మెలిక ఉంది. ఇంజన్ ఎక్కువగా అరిగేది చల్లగా స్టార్ట్ అయిన కాసేపట్లో. నెలకోసారి స్టార్ట్ చేసి నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చే బండికి ప్రతి కిలోమీటరూ చల్లటి ఇంజన్‌తోనే. ఇంధనం మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి చల్లటి ఇంజన్ లోపల చెమ్మగా మారి ఆయిల్లో కలుస్తుంది. ఆ నీరు ఆవిరై బయటికి పోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి. టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఇంజన్ వేడెక్కింది అనుకుంటాం, కానీ ఆ ముల్లు చూపేది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది. చిన్న ప్రయాణాలే చేసిన బండిలో ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయినా అలాగే కనిపిస్తుంది, అందుకే దాన్ని చూసి ఏది కారణమో తేల్చుకోకుండా ముందుకు పోవడం ప్రమాదం.

హైవే మీద లక్షన్నర తిరిగిన ఇంజను, ఊళ్లోనే నలభై వేలు తిరిగిన ఇంజను పక్కపక్కన పెట్టి విప్పితే మొదటిదే బాగుండే అవకాశం ఉంది. అన్నిసార్లూ అని కాదు.

నిలబెట్టిన బండికి లోపల జరిగేది

ముందు బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు కలిస్తే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. కొండదారిలో దిగుతూ వరుసగా బ్రేకులు వేస్తే లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ ఊరికే కిందికి పోతుంది. అందుకే దాదాపు అందరు తయారీదార్లూ రెండేళ్లకోసారి మార్చమంటారు, కిలోమీటర్లతో సంబంధం లేకుండా. పన్నెండేళ్లు నిలబడ్డ బండిలో ఆ నీరు ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపర్ పిస్టన్లకు తుప్పు కూడా పట్టిస్తుంది.

టైర్ల సంగతి తేలిగ్గా తేలుతుంది, ఎందుకంటే తయారైన తేదీ వాటి మీదే ఉంటుంది. టైరు పక్కన అండాకారపు గీతలో నాలుగు అంకెలు: 3511 అంటే 2011లో 35వ వారం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కి ముందుది. గాడి లోతు కొత్తదానిలా ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. పదేళ్లు దాటిన టైరు ఎలా ఉన్నా మార్చేయమని పెద్ద టైరు కంపెనీలే చెబుతాయి. ‘బండి కొన్నప్పటి టైర్లే, ఒరిజినల్’ అని అమ్మేవాళ్లు గొప్పగా చెప్తే, అది మ్యూజియంకి పనికొచ్చే మాట.

పెట్రోలు కొన్ని నెలల్లోనే పాతబడుతుంది. తేలికగా మండే భాగం ఆవిరైపోతుంది, మిగిలింది జిగురుగా మారి ఇంజెక్టర్లలో, పంపులో పేరుకుంటుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు అయితే నీటిని కూడా లాక్కుంటుంది. ఆ నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకి చేరుతుంది.

టైమింగ్ బెల్ట్ విషయంలో మాత్రం కాస్త ఆగి చూడాలి. కొన్ని ఇంజన్లలో వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్‌ని చెయిన్ తిప్పుతుంది, కొన్నింట్లో రబ్బరు బెల్ట్. బెల్ట్‌కి తయారీదారు ఇచ్చే గడువు సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్నేళ్లు, ఏది ముందొస్తే అది. తక్కువ తిరిగిన బండి యజమానులు చాలామంది మొదటి అంకెనే గుర్తుపెట్టుకుంటారు. ‘లక్షకి మార్చాలి, ఇంకా 41 వేలే కదా’ అంటారు. ఆ బెల్ట్‌కి పాతికేళ్లు వచ్చి ఉంటాయి. వోల్వో 850లోని ఐదు సిలిండర్ల ఇంజన్ లాంటివాటిలో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చూసిరావడానికి వెళ్లిన రోజు ‘ఒక రౌండ్ వేసొద్దాం’ అన్న ట్రయల్‌లోనే ఆ పని అయిపోవచ్చు.

ఇక ‘తిప్పకపోతే సీల్స్ ఎండిపోతాయి’ అనే మాట. ఇందులో సగం నిజం ఉంది. రబ్బరు సీల్స్ గట్టిపడేది ప్రధానంగా వయసుకి, వేడికి. రోజూ తిరిగిన బండిలోనూ గట్టిపడతాయి. తేడా ఏమిటంటే, తిరిగిన బండిలో అవి ఎప్పుడో కారడం మొదలుపెట్టి, ఎవరో ఎప్పుడో మార్చి ఉంటారు. నిలబడ్డ బండిలో అవన్నీ కొత్త యజమాని కోసం ఎదురుచూస్తుంటాయి. మొదటి ఆర్నెల్లలో పవర్ స్టీరింగ్, తర్వాత క్రాంక్ సీల్, ఆపైన రేడియేటర్ గొట్టం, ఇలా వరుసగా బయటపడటం అందుకే.

ఎక్కడ నిలబెట్టారన్నది కూడా ముఖ్యమే. పొడి గాలి, స్థిరమైన ఉష్ణోగ్రత ఉన్న షెడ్డులో, బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఏడాదికోసారి ఆయిల్ మార్చి ఉంచిన బండి వేరు. చెమ్మ నేల మీద కవరు కప్పి వదిలేసిన బండి వేరు. రెండింటి మీటర్లో అంకె ఒకటే కావచ్చు.

వ్యాగన్ వెనక భాగంలో దాగిన ఖర్చు

ఇంజన్ గురించి అందరూ అడుగుతారు. వ్యాగన్ని వ్యాగన్ చేసే వెనక భాగాన్ని చాలామంది చూడరు. సామాను ఎంత పెట్టినా వెనక కిందికి కుంగకుండా చాలా వ్యాగన్లలో ఎత్తును తనంతట తానే సరిచూసుకునే సస్పెన్షన్ ఉంటుంది: మెర్సిడెస్‌లో హైడ్రాలిక్ ఆయిల్, గ్యాస్ గోళాలు, 2000ల బీఎండబ్ల్యూ 5 సిరీస్ టూరింగుల్లో గాలి సంచులు, కొన్ని వోల్వోల్లో ప్రత్యేకమైన షాక్ అబ్జార్బర్లు. వీటిలో రబ్బరు ఉంది, వాయువు ఉంది. రెండూ వయసుకి చెడేవే. రాత్రి నిలబెట్టిన బండి పొద్దున వెనక వైపు కుంగి కనిపిస్తే గాలి సంచి కారుతున్నట్టే. ఆడీ మొదటి ఆర్‌ఎస్6లో మలుపుల్లో బండి వాలకుండా షాక్ అబ్జార్బర్లను మూలకి మూలకి గొట్టాలతో కలిపారు. ఆ షాకుల నుంచి ఆయిల్ కారడం ఆ బండికి పేరుమోసిన జబ్బు.

డిక్కీ తలుపు ఇంకో సంగతి. దీపాలకు, వైపరుకు, అద్దం వేడిచేసే తీగలకు, తాళానికి వెళ్లే వైర్లన్నీ కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టంలోంచి పోతాయి. తలుపు ఎత్తినప్పుడల్లా అక్కడ వంగుతాయి. తక్కువ తిరిగిన బండిలో ఇవి తక్కువసార్లు వంగి ఉంటాయి నిజమే, కానీ తొడుగు గట్టిపడి ఉంటే ఇప్పుడు వంచినప్పుడు చిట్లుతుంది. 1990ల మొదటి సగంలోని కొన్ని మెర్సిడెస్ బండ్లలో ఇంజన్ వైర్ల తొడుగే ఎండుటాకులా పొడిపొడిగా రాలిపోతుందని తెలిసినవాళ్లు, మీటర్ కంటే ముందు వైరింగ్ ఎప్పుడు మార్చారని అడుగుతారు.

సన్‌రూఫ్ నీరు బయటికి పోయే సన్నటి గొట్టాలు దుమ్ముతో మూసుకుపోతే ఆ నీరు లోపలికే వస్తుంది. వ్యాగన్లో అది చివరికి చేరే చోట్లలో స్టెప్నీ గుంట ఒకటి. కొన్ని మోడళ్లలో ఎలక్ట్రానిక్ డబ్బాలు కూడా అక్కడే ఉంటాయి. కార్పెట్ ఎత్తి, స్టెప్నీ కింద చెయ్యి పెట్టి చూస్తే చెమ్మ తగులుతుందా, తుప్పు పొడి వేళ్లకంటుతుందా అన్నది తెలిసిపోతుంది. ఫొటోల్లో ఇది ఎప్పుడూ కనపడదు.

తక్కువ తిరిగిన బండికి నిజమైన విలువ ఉన్నదీ ఈ వెనక భాగంలోనే. ఇంజన్ని మళ్లీ కట్టొచ్చు, బుష్‌లు కొత్తవి వేయొచ్చు, టర్బో బాగు చేయించొచ్చు. సామాను గది పక్కన ప్లాస్టిక్ పలకలు, దాన్ని కప్పే చుట్టుతెర, వెనక పక్క అద్దాల చుట్టూ రబ్బరు, ఆ మోడల్‌కే వేసిన సీటు గుడ్డ, ఇవి సెడాన్ నుంచి రావు. కొన్ని వందల బండ్లే తయారైన మోడల్‌కి వీటిని మళ్లీ తయారుచేసేవాళ్లు దొరకడం కష్టం. డబ్బు పెడితే వచ్చేవి ఒక వైపు, డబ్బు పెట్టినా రానివి ఇంకో వైపు. ఎక్కువ ధర ఇవ్వాల్సింది రెండోవాటికి.

మీటర్‌ను నమ్మడానికి ఆధారాలు

మీటర్ వెనక్కి తిప్పడం పాత మోసమే. డిజిటల్ మీటర్లు వచ్చినా ఆగలేదు, పద్ధతి మారిందంతే. దీనికి అడ్డుకట్టగా బెల్జియంలో కార్‌పాస్ అనే వ్యవస్థ ఉంది. గ్యారేజీలు బండిని చూసినప్పుడల్లా కిలోమీటర్లను నమోదు చేయాలి, అమ్మేటప్పుడు ఆ చరిత్రను కొనేవారికి ఇవ్వాలి. బ్రిటన్‌లో బండి రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో ఏటేటా చూసే ఎంఓటీ పరీక్షల్లో రాసిన మైళ్లను ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

మోసం లేకుండానే మీటర్ తప్పు చెప్పడం కూడా ఉంది. వోల్వో 850 మీటర్లలో అంకెల్ని తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు పళ్లు విరిగిపోవడం మామూలే. స్పీడు ముల్లు పనిచేస్తూనే ఉంటుంది, అంకెలు మాత్రం ఆగిపోతాయి. బండి ఎన్ని వేలు తిరిగినా యజమానికి పట్టదు. తర్వాత కొన్నవాళ్లకు అది ‘తక్కువ తిరిగిన బండి’.

ఒక ఊహాత్మక సర్వీసు పుస్తకం తెరిచి చూద్దాం. బండి 1996ది.

2001 – 21,300
2006 – 36,800
2007 – 37,000
2019 – 40,100
2024 – 41,000

మొత్తం వయసుకి సగటు తీస్తే ఏడాదికి సుమారు 1,460 కిలోమీటర్లు. ఆ సగటుకి అర్థం లేదు. మొదటి పదేళ్లు ఏడాదికి 3,700 చొప్పున తిరిగింది. 2007 నుంచి 2019 దాకా పన్నెండేళ్లలో 3,100. అసలు కథంతా ఆ పన్నెండేళ్ల ఖాళీలో ఉంది. బండిని షెడ్డులో పెట్టారా, లేక మీటర్ ఆగిపోయిందా?

జవాబు మిగతా కాగితాల్లో ఉండొచ్చు. ఆ మధ్యకాలంలో రోడ్డు ట్యాక్సు కట్టకుండా బండిని పక్కన పెట్టినట్టు పత్రం ఉంటే మొదటి మాట నమ్మొచ్చు. అదే ఫైల్లో 2010లో ఒకసారి, 2015లో ఒకసారి బ్రేక్ ప్యాడ్లు మార్చిన బిల్లులు బయటపడ్డాయనుకుందాం. 3,100 కిలోమీటర్లకి రెండు సెట్ల ప్యాడ్లు అరగవు. టైర్లు 2009, 2014 తేదీలతో ఉండి, 2014వి కూడా బాగా అరిగి ఉంటే ఇంకేం చెప్పాలి?

కాగితం లేనిచోట బండే సాక్ష్యం. బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు, స్టీరింగ్ మీద చెయ్యి ఆనే చోట నునుపు, డ్రైవరు సీటు బయటి అంచు, తాళంచెవి మీద అరిగిపోయిన బొమ్మ. సీటు బెల్టును చివరిదాకా లాగితే కొన్ని బండ్లలో తయారైన తేదీ చీటీ కనిపిస్తుంది. దానికంటే ముఖ్యం బెల్టు అంచు పీచు లేచిందా లేదా అన్నది. 40 వేల కిలోమీటర్ల బండిలో డ్రైవరు బెల్టుకి, వెనక సీటు బెల్టుకి పెద్ద తేడా ఉండకూడదు. పెడల్ రబ్బరు మరీ కొత్తగా మెరుస్తుంటే నాకైతే అరిగిన రబ్బరు చూసినప్పటికంటే ఎక్కువ అనుమానం.

రెండు వాదనలు, రెండింట్లోనూ పస ఉంది

పాత బండ్ల వ్యవహారం తెలిసినవాళ్లు రెండు పక్షాలు. ఒక పక్షం మాట: ‘కిలోమీటర్లు కాదు, కండిషన్ చూడు. తిరిగిన బండికి ఏం పాడవుతుందో తెలిసిపోయింది, బాగు కూడా అయ్యింది. బిల్లులున్న 1,72,000 బండే మేలు.’ ఇందులో బలం ఉంది. రెండేళ్లుగా రోజూ నడుస్తున్న బండి రేపు కూడా నడిచే అవకాశం ఎక్కువ. రెండేళ్లుగా నిలబడ్డ బండి గురించి ఆ మాట చెప్పలేం.

రెండో పక్షం మాట: ‘మెకానికల్ పనులు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఒరిజినల్ పెయింటు, విప్పని డ్యాష్‌బోర్డు, యాక్సిడెంటు కాని బాడీ ఒకసారి పోతే మళ్లీ రావు.’ ఇదీ నిజమే. పైగా తక్కువ తిరిగిన బండిని మళ్లీ అమ్మడం తేలిక, బేరం ఎక్కువ సాగదు.

రెండు పక్షాలూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నాయి, అందుకే వాదన తెగదు. మొదటిది నడిపే బండి గురించి, రెండోది దాచే బండి గురించి.

లెక్క వేసి చూస్తే

డబ్బు ఏ దేశానిదైనా కానీ, తక్కువ తిరిగిన బండి ధరను 100 అనుకుందాం. దాన్ని అ అందాం. 1,72,000 తిరిగినదాన్ని ఇ అందాం, దాని ధర 60. ఈ కింది అంకెలన్నీ లెక్క తీరు చూపించడానికి అనుకున్నవే. ఏ బండికి ఆ బండి అంచనా మెకానిక్‌తో వేయించుకోవాల్సిందే.

కొన్న మొదటి ఏడాది అ కి బెల్ట్, వాటర్ పంపు, గొట్టాలు, టైర్లు, ద్రవాలన్నీ, క్యాలిపర్లు, ఇంధన పంపు కలిపి 18. ఇ కి ఇందులో చాలావరకు ఇటీవలే అయిపోయాయి కాబట్టి 10. అంటే రోడ్డెక్కేసరికి అ 118, ఇ 70.

మొదటి సందర్భం: ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు, ఐదేళ్లు. అ 46,000కి చేరుతుంది, ఇంకా తక్కువ తిరిగిన బండే. అమ్మితే దాదాపు 98 వస్తుందనుకుందాం. పోయింది 2, మొదటి పనులకు 18, ఐదేళ్ల రిపేర్లకు 4, మొత్తం 24. ఇ అమ్మితే 58. పోయింది 2, మొదట 10, రిపేర్లు 6, మొత్తం 18. తేడా ఆరే. మిగతా 40 పోలేదు, బండిలో ఇరుక్కుని ఉందంతే. ఆ 40 వేరేచోట పెడితే వచ్చేదాన్ని వదులుకోవాలి, ఇన్సూరెన్సు కాస్త ఎక్కువ కట్టాలి.

రెండో సందర్భం: ఏడాదికి 10,000, ఐదేళ్లు. అ 91,000 అవుతుంది. మంచి బండే, కానీ ‘తక్కువ తిరిగింది’ అనే బిరుదు పోయింది. ధర 75కి దిగుతుందనుకుంటే పోయింది 25, మొదటి పనులు 18, రిపేర్లు 5, మొత్తం 48. ఇ 2,22,000 అవుతుంది. ధర 54. పోయింది 6, మొదట 10, రిపేర్లు 12, మొత్తం 28. తేడా 20. అంటే ఇ లో అనుకోని పెద్ద రిపేరు ఒకటి 20 దాటితే లెక్క తిరగబడుతుంది. పది సిలిండర్ల ఎం5 ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ దెబ్బతింటే 20 ఏ మూలకీ రాదు. మామూలు ఐదు సిలిండర్ల వోల్వోలో అంత ఖర్చు రావడం అరుదు. అందుకే ఈ లెక్క మోడల్‌ని బట్టి మారుతుంది.

ఇక్కడే ఓ ఇబ్బంది. తక్కువ తిరిగిన బండికి ఇచ్చిన అదనపు ధర, నడిపేకొద్దీ కరుగుతుంది. కరగకూడదని నడపకుండా ఉంచితే పైన చెప్పిన జబ్బులన్నీ మళ్లీ మొదలవుతాయి. ఇదివరకటి యజమాని ఎందుకు నడపలేదో అప్పుడు అర్థమవుతుంది. చాలామందికి ఇది కొన్న తర్వాత తెలుస్తుంది. వర్షం వస్తే బయటికి తీయరు, సూపర్‌మార్కెట్ దగ్గర ఆపరు, వెనక సామాను పెట్టరు. అలాంటప్పుడు వ్యాగనే ఎందుకు కొన్నట్టు?

ఈ కారణంగానే 80 వేలకీ లక్షా ఇరవై వేలకీ మధ్య, ఏటా కొంచెం కొంచెం తిరుగుతూ వచ్చిన బండి దొరికితే నేను అటే మొగ్గుతాను. దానికి ఫొటోల్లో మెరుపు ఉండదు, ప్రకటనలో పెద్ద అక్షరాల్లో రాసుకునే అంకె ఉండదు. అయితే నెలకు రెండుసార్లు మాత్రమే నడుపుతామని ముందే తెలిసినవాళ్లకు, పొడి షెడ్డు ఉన్నవాళ్లకు, అరుదైన మోడల్‌ని అరుదుగానే ఉంచాలనుకునేవాళ్లకు 41,000 బండి మీద పెట్టిన డబ్బు వృథా కాదు. పైన మొదటి సందర్భం వాళ్లదే.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్ వేడిగా ఉంటే

ఆఖరుగా ఒక చిన్న సంగతి. నిలబడ్డ బండి తన గుట్టు చెప్పేది ఆ రోజు మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు. వెనక నీలిపొగ కాసేపు వస్తే వాల్వ్ సీల్స్ సంగతి తెలుస్తుంది. టక్‌టక్‌మనే శబ్దం ఎన్ని సెకన్లకు ఆగిందో, ఆయిల్ ప్రెషర్ లైటు ఎప్పుడు ఆరిందో, ఐడిల్ ఎంతసేపటికి నిలకడైందో ఆ అర నిమిషంలోనే తెలుస్తుంది. ఒకసారి వేడెక్కితే ఇవన్నీ సర్దుకుంటాయి, మళ్లీ మర్నాటిదాకా కనపడవు.

అందుకే తెలిసినవాళ్లు ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ముందే చెప్పి వెళ్తారు. వెళ్లగానే బానెట్ ఎత్తి రేడియేటర్ గొట్టం మీద చెయ్యి పెడతారు. అది గోరువెచ్చగా తగిలిందంటే అమ్మేవాళ్ల మర్యాద కోసం టీ తాగి, ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేస్తారు.